పెళ్లి ఎప్పుడు చెల్లుతుంది? మన వివాహ చట్టాలు, స్వలింగ జంటల ప్రశ్న

స్వలింగ జంటల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వలేమని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కూడా జనంలో అయోమయం తగ్గలేదు. స్వలింగ సంబంధం మళ్లీ నేరమైపోయిందని అనుకునేవాళ్లున్నారు. కోర్టు ఒప్పేసుకుంది, పార్లమెంటు చట్టం చేయడమే తరువాయి అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఇద్దరమ్మాయిలు గుడిలో దండలు మార్చుకున్న ఫొటో ఒకటి వాట్సాప్‌లో తిరిగితే, "పోలీసులు ఏం చేస్తున్నారు?" అని ఒకరు, "ఇక వాళ్లకు ఆస్తి హక్కులన్నీ వచ్చేసినట్టే కదా?" అని ఇంకొకరు అడుగుతారు.

ఈ ముడి విప్పాలంటే నేరుగా స్వలింగ జంటల దగ్గర మొదలుపెడితే కుదరదు. ఆడా మగా చేసుకునే మామూలు పెళ్లినైనా చట్టం ఎప్పుడు పెళ్లి అంటుందో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. ముందు అది చూద్దాం.

## నేరమా, చెల్లుతుందా, ఏమొస్తుంది

ఏ పెళ్లి గురించైనా చట్టాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఇది నేరమా? ఇది చెల్లుతుందా? చెల్లితే దాంతో ఏ హక్కులు వస్తాయి? మాటల్లో మనం ఈ మూడింటినీ కలిపేస్తాం. చట్టం కలపదు. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు చూసి రెండోదాని జవాబు ఊహించడానికి లేదు.

బాల్యవివాహాన్నే తీసుకోండి. పదిహేడేళ్ల అమ్మాయికి పాతికేళ్ల అబ్బాయితో పెళ్లి చేశారనుకుందాం. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఇది నేరం. చేసుకున్న వయోజనుడైన మగవాడికి, జరిపించినవాళ్లకు రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అయినా ఆ పెళ్లి దానంతటది రద్దైపోదు. ఆ అమ్మాయి కోర్టుకు వెళ్లి రద్దు చేయమని అడగాలి. మేజర్ అయ్యాక రెండేళ్లలోపు, అంటే ఇరవై ఏళ్లు నిండేలోపు అడగాలి. అడగకపోతే పెళ్లి నిలబడుతుంది. ఎత్తుకెళ్లి, మాయమాటలు చెప్పి, అమ్మేసి చేసిన పెళ్లయితే మాత్రం మొదటినుంచే చెల్లదు. కర్ణాటక ఒకటడుగు ముందుకేసి, బాల్యవివాహం ఏదైనా సరే మొదటినుంచే చెల్లదని తన పరిధిలో సవరణ తెచ్చుకుంది.

ఇప్పుడు ఇద్దరు మగవాళ్లను చూడండి. ఇద్దరూ ముప్పై దాటినవాళ్లు, ఒకే ఇంట్లో ఉంటున్నారు, స్నేహితుల మధ్య ఉంగరాలు మార్చుకున్నారు. 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడిన వయోజనుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహితలో, ఆ సంబంధాన్ని నేరంగా చూసిన పాత 377 సెక్షన్ లాంటిదే లేదు. 2023 తీర్పు దీన్ని వెనక్కి తిప్పలేదు. కాబట్టి వాళ్లు చేసింది నేరం కాదు. కానీ చట్టం లెక్కలో వాళ్లిద్దరూ దంపతులు కారు.

నేరమైన పెళ్లి చెల్లుతోంది, నేరం కానిది చెల్లడం లేదు. వినడానికి విడ్డూరంగా ఉన్నా చట్టం నిజంగానే ఇలా నడుస్తుంది.

## ఎవరికి ఏ చట్టం

మన దేశంలో పెళ్లికి ఒకే చట్టం లేదు. హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకు హిందూ వివాహ చట్టం–1955 వర్తిస్తుంది. షెడ్యూల్డ్ తెగలకు మాత్రం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఇది వర్తించదు, వాళ్ల తెగ ఆచారమే వాళ్ల చట్టం. ముస్లింలది వాళ్ల పర్సనల్ లా. అందులో పెళ్లి ఒక ఒప్పందం: ప్రతిపాదన, అంగీకారం, మెహర్ (వరుడు వధువుకు ఇవ్వాల్సిన సొమ్ము) ఉంటాయి. క్రైస్తవులకు 1872 నాటి చట్టం, పార్సీలకు 1936 నాటి చట్టం ఉన్నాయి. వీటన్నిటి పక్కన మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా వాడుకోగలిగేది ప్రత్యేక వివాహ చట్టం–1954. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ నడుస్తోంది. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి ఉమ్మడి పౌరస్మృతి అమల్లో ఉంది.

హిందూ వివాహ చట్టం కింద పెళ్లాడాలంటే ఇద్దరూ హిందువులే అయి ఉండాలి. హిందూ అబ్బాయి, ముస్లిం అమ్మాయి ఎవరి మతంలో వాళ్లుంటూనే గుడిలో తాళి కట్టించుకుంటే, ఎంతమంది సాక్షులున్నా అది హిందూ వివాహం కాదు. వాళ్లకు ఉన్న దారి 1954 చట్టమే. క్రైస్తవుల చట్టం ఇక్కడ కాస్త వేరు: ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు, దాని కింద పెళ్లి చేసుకోవచ్చు.

## చట్టం పెట్టిన షరతులు, పెట్టనివి

ముందు లేనివి చెబుతాను, ఎందుకంటే ఇళ్లలో గొడవలన్నీ వాటి మీదే. హిందూ వివాహ చట్టంలో కులం షరతు లేదు. గోత్రం షరతు లేదు. సగోత్రీకులు చేసుకుంటే చెల్లదన్న అడ్డంకిని 1946లోనే ఒక చట్టం తొలగించింది. అమ్మానాన్నల అంగీకారం కూడా షరతు కాదు. మేజరైన యువతి తనకు నచ్చినవాణ్ని చేసుకోవచ్చని, వాళ్ల జోలికి వెళ్లేవాళ్ల మీద చర్య తీసుకోవాలని 2006లో లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరు మేజర్ల పెళ్లిని అడ్డుకోవడానికి ఖాప్ పంచాయతీలు, అంటే ఉత్తరాదిలోని కుల పెద్దల పంచాయతీలు, గుమిగూడటమే చట్టవిరుద్ధమని 2018లో శక్తి వాహిని కేసులో చెప్పింది.

ఉన్న షరతులు నాలుగు రకాలు. వయసు: అబ్బాయికి 21, అమ్మాయికి 18. ఈ అంకెలు 1978 సవరణతో వచ్చాయి. అమ్మాయి వయసునూ 21 చేయాలని 2021 డిసెంబర్‌లో లోక్‌సభలో బిల్లు పెట్టారు గానీ, 2024లో సభ రద్దవడంతో అదీ మురిగిపోయింది. ముస్లిం పర్సనల్ లాలో యుక్తవయసు వస్తే చాలు, 15 ఏళ్లకు అది వచ్చినట్టు లెక్క. దీనికీ బాల్యవివాహ చట్టానికీ పొత్తు కుదరక హైకోర్టులు రెండు రకాలుగానూ తీర్పులిచ్చాయి.

రెండోది, అప్పటికే బతికున్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు. ముస్లిం పర్సనల్ లాలో పురుషుడికి నలుగురి దాకా అనుమతి ఉంది. అదే పురుషుడు 1954 చట్టం కింద పెళ్లి చేసుకుంటే ఆ వెసులుబాటు ఉండదు. హిందువు మతం మార్చుకుని రెండో పెళ్లి చేసుకుంటే మొదటి పెళ్లి పోదని, అది ద్విభార్యత్వ నేరమేనని 1995లో సరళా ముద్గల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మూడోది, సరిగా అంగీకారం తెలపగల మానసిక స్థితి.

నాలుగోది బంధుత్వం. తెలుగువాళ్లు దీన్ని తప్పకుండా ఆగి చదవాలి.

## మేనరికం చట్టబద్ధమేనా

హిందూ వివాహ చట్టం పెళ్లికి పనికిరాని బంధుత్వాల పట్టిక ఒకటి ఇచ్చింది. అన్నాచెల్లెళ్లు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు అందులో ఉన్నారు. ఇంతవరకు మనకూ వింతేం లేదు. కానీ అదే వరుసలో అన్నాచెల్లెళ్ల పిల్లలు, మేనమామ–మేనకోడలు కూడా ఉన్నారు. అంటే మేనత్త కొడుకును చేసుకోవడం, మేనమామను చేసుకోవడం రెండూ కాగితం మీద నిషిద్ధమే. అలాంటి పెళ్లి మొదటినుంచే చెల్లదు.

మరి మన ఊళ్లలో తరతరాలుగా జరిగినవన్నీ? వాటిని కాపాడుతున్నది అదే సెక్షన్‌లోని ఒక్క మినహాయింపు: ఇద్దరికీ వర్తించే ఆచారం అలాంటి పెళ్లిని అనుమతిస్తే నిషేధం వర్తించదు. ఆచారం అంటే ఎవరో ఒకరు చేసుకున్నారని చూపించడం కాదు. ఆ ప్రాంతంలో, ఆ సముదాయంలో, లేదా ఆ కుటుంబంలో చాలాకాలంగా, తెగిపోకుండా, ఒకే తీరుగా నడుస్తూ ఉండాలి. తెలుగునాట, తమిళనాట, కన్నడనాట చాలా కులాల్లో మేనరికానికి ఈ బలం ఉంది. ఉత్తరాదిలో అలాంటి ఆచారం లేని కుటుంబంలో అదే వరుస పెళ్లి జరిగితే అది పెళ్లే కాదు.

అదే జంట పంతులూ పందిరీ వద్దనుకుని 1954 చట్టం కింద చేసుకుందామని వెళ్లారనుకోండి. ఆ చట్టం వెనకున్న షెడ్యూళ్లలో మేనత్త, మేనమామ పిల్లల పేర్లు స్పష్టంగా ఉన్నాయి. ఇక్కడా ఆచారం మినహాయింపు ఉంది గానీ, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజెట్‌లో నోటిఫై చేసి ఉండాలి. లేకపోతే మ్యారేజ్ ఆఫీసర్ కాదనొచ్చు. మరింత ఆధునికమైనదని పేరున్న చట్టం, ఈ ఒక్క విషయంలో పాత చట్టం కన్నా బిగువుగా ఉంది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. ‘పెళ్లి అంటే సహజంగా ఇదీ’ అని మనం అనుకునేదాన్ని చట్టం ఒక చోట నిషేధించి, ఇంకో చోట ఆచారం పేరుతో ఒప్పుకుని, మరోచోట గెజెట్ కావాలని అడిగింది. ఎవరు ఎవరిని చేసుకోవచ్చన్న గీత ఎప్పుడూ ఎవరో ఒకరు గీసినదే. ఆ గీత ఎవరు గీయాలి, కోర్టా పార్లమెంటా అన్నదే 2023 కేసులో అసలు వాదం.

## తంతు, రిజిస్ట్రేషన్

రిజిస్ట్రార్ ఆఫీసులో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. రెండింటినీ జనం రిజిస్టర్ మ్యారేజ్ అనే అంటారు. ఒకటి, అప్పటికే జరిగిన హిందూ వివాహాన్ని నమోదు చేయడం. ఇక్కడ పెళ్లి అయింది పందిట్లో, ఆఫీసు ఇచ్చేది దానికి సాక్ష్యం మాత్రమే. తంతు జరక్కుండా వట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటే హిందూ వివాహం అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులోని ఇద్దరూ పైలట్లు. తంతు పెట్టుకోకముందే సర్టిఫికెట్ తీసుకున్నారు, చివరికి వాళ్ల మధ్య పెళ్లే జరగలేదని కోర్టు తేల్చింది. చట్టం అడిగేది వధూవరుల్లో ఎవరో ఒకరి వైపు ఆచారం ప్రకారం తంతు జరగడం. ఆ తంతులో సప్తపది భాగమైతే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది.

రెండోది 1954 చట్టం కింద పెళ్లి. ఇక్కడ పెళ్లి జరిగేదే ఆఫీసులో. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. నోటీసు ఇవ్వాలి. జూన్ 1న నోటీసు ఇచ్చారనుకుందాం. అది ఆఫీసులో అందరికీ కనపడేచోట అతికిస్తారు. జులై మొదలయ్యేదాకా ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఏ అభ్యంతరమూ రాకపోతే ఆ తర్వాత ముగ్గురు సాక్షుల ముందు ప్రమాణం చేసి సంతకాలు పెడితే పెళ్లి అయిపోతుంది. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో చేసుకోకపోతే మళ్లీ మొదటికి.

చట్టం ప్రకారం అభ్యంతరం అంటే వయసు, బతికున్న భార్యాభర్తలు, బంధుత్వం లాంటి షరతులు తప్పారని మాత్రమే. "మాకు ఇష్టం లేదు" అన్నది అభ్యంతరం కిందికి రాదు. కానీ పేర్లు, అడ్రసులతో బోర్డు మీద కాగితం నెలరోజులు ఉంటే ఇంట్లోవాళ్లకు, వీధిలోవాళ్లకు కబురు అందడానికి అంతకన్నా ఏం కావాలి? మతాంతర వివాహాలకు దిక్కుగా పుట్టిన చట్టం, ఆ జంటలనే ఎక్కువ టెన్షన్‌లోకి నెడుతోంది. నోటీసు అందరికీ కనపడేలా పెట్టాలా వద్దా అన్నది ఆ జంట ఇష్టానికే వదిలేయాలని 2021లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. ఒకే మతంవాళ్లకు లేని నెల గడువు వీళ్లకెందుకన్న ప్రశ్నకు నాకైతే గట్టి జవాబు ఎక్కడా కనపడలేదు. స్వలింగ జంటల పిటిషన్లలో కొన్ని ఈ నోటీసునూ సవాలు చేశాయి. ఇంట్లో చెప్పుకోలేని జంటకు ఆ బోర్డే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

## 2023 కేసు ఎలా వచ్చింది

2014లో నల్సా కేసులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల లింగ గుర్తింపును సుప్రీంకోర్టు గుర్తించింది. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అంటూ, లైంగిక ఆకర్షణ అందులో భాగమంది. 2018లో రెండు తీర్పులు వచ్చాయి: ఒకటి 377 మీద, ఇంకొకటి షఫీన్ జహాన్ కేసులో భాగస్వామిని ఎంచుకునే స్వేచ్ఛ, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో ఉందని చెప్పినది. ఈ మెట్ల మీదుగా నడిచి, హైదరాబాద్‌లో ఉంటున్న ఒక జంట 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాళ్ల పేరుతోనే ఇది సుప్రియో కేసు అయింది. దేశం నలుమూలల నుంచి ఇంకెన్నో పిటిషన్లు కలిశాయి.

మతాల పర్సనల్ లా జోలికి వెళ్లబోమని ధర్మాసనం ముందే చెప్పింది. అందుకే వాదమంతా 1954 చట్టం చుట్టూ తిరిగింది. ఆ చట్టంలోని నాలుగో సెక్షన్ ‘ఎవరైనా ఇద్దరు వ్యక్తుల’ మధ్య పెళ్లి అంటూ మొదలవుతుంది. అయితే నాలుగు వాక్యాలు దిగేసరికి పురుషుడికి 21, స్త్రీకి 18 అని వస్తుంది. ప్రమాణంలో భార్య, భర్త అని ఉంటుంది. ఆ మాటలను ‘జీవిత భాగస్వామి’ అని చదువుకుంటే చాలు, చట్టాన్ని కొట్టేయనక్కర్లేదన్నది పిటిషనర్ల వాదన.

అంత తేలిక కాదనడానికి ఒక ఉదాహరణ చాలు. ఇద్దరు మగవాళ్లు ఈ చట్టం కింద పెళ్లాడి, కొన్నాళ్లకు విడిపోయారనుకోండి. ఈ చట్టంలో భరణం అడిగే హక్కు భార్యకే ఉంది. ఇద్దరిలో ఎవరు అడగాలి? కొన్ని కారణాల మీద విడాకులు కోరే హక్కు కూడా భార్యకు మాత్రమే ఉంది. ఇద్దరు అమ్మాయిల పెళ్లి వయసు 18 అనుకుంటే, ఇద్దరు అబ్బాయిలది 21 అవుతుందా? ఇక వారసత్వం. ఇద్దరూ హిందువులైతే ఈ చట్టం నేరుగా హిందూ వారసత్వ చట్టానికి దారి చూపిస్తుంది, అక్కడ మగవాడి ఆస్తికి ఒక వరుస, ఆడమనిషి ఆస్తికి ఇంకో వరుస. ఒక దారం లాగితే నాలుగు చట్టాలు కదులుతాయి. పెళ్లి చట్టాల్లోనే ఆడామగా తేడాలు ఇంతగా అల్లుకుపోయి ఉండటం వేరే చర్చ, అదీ జరగాల్సిందే.

## అయిదుగురూ ఒప్పుకున్నది, విడిపోయినది

అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ పి.ఎస్. నరసింహ ఈ కేసు విన్నారు. ఒకే తీర్పు రాలేదు, నాలుగు వచ్చాయి. అయోమయానికి అదీ ఒక కారణం.

పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో అయిదుగురిదీ ఒకే మాట. 1954 చట్టాన్ని కోర్టు తిరగరాయలేదన్నదీ అంతే. ఆ చట్టాన్ని కొట్టేస్తే మతాంతర జంటలు స్వాతంత్ర్యానికి ముందు రోజుల్లోకి వెళ్లిపోతారని, కొత్త మాటలు చేర్చి చదివితే కోర్టు చట్టసభ పని చేసినట్టవుతుందని జస్టిస్ చంద్రచూడ్ రాశారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలోనూ ఏకాభిప్రాయమే వచ్చింది: ట్రాన్స్ మహిళ పురుషుణ్ని, ట్రాన్స్ పురుషుడు స్త్రీని ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చు. 2019లోనే మద్రాస్ హైకోర్టు, హిందూ వివాహ చట్టంలోని వధువు అన్న మాటలో ట్రాన్స్ మహిళ కూడా ఉంటుందని చెప్పింది. తీర్పు వచ్చినరోజు వార్తల్లో ఇది దాదాపు మరుగున పడిపోయింది.

విడిపోయింది ఇక్కడ. ఇద్దరు మనుషులు కలిసి బతకడానికి ఎంచుకునే బంధాన్ని, పెళ్లి అన్న పేరు లేకపోయినా, ప్రభుత్వం గుర్తించి తీరాలా? గుర్తించాలని జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. మిగతా ముగ్గురూ కాదన్నారు. కలిసి బతికే స్వేచ్ఛ ఉంది, దానికి ఎవరూ అడ్డురాకూడదు, కానీ దానికి చట్టపరమైన హోదా ఇవ్వమని ప్రభుత్వాన్ని శాసించలేమని జస్టిస్ భట్ రాశారు. దత్తత విషయంలోనూ 3–2గానే చీలారు. రెండేళ్ల స్థిరమైన దాంపత్యం ఉన్న జంటకే పిల్లలను దత్తత ఇవ్వాలన్న నిబంధన అలాగే మిగిలింది. ఒంటరి వ్యక్తిగా దత్తత తీసుకోవచ్చు, ఇద్దరూ కలిసి తల్లిదండ్రులుగా తీసుకోలేరు. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరి 9న సుప్రీంకోర్టు కొట్టేసింది.

## ఇరుపక్షాల వాదన

ప్రభుత్వం చెప్పింది ప్రధానంగా ఇది: పెళ్లి అనేది సమాజం మొత్తానికి చెందిన వ్యవస్థ, ఒక కోర్టు గదిలో మార్చేది కాదు, దీని ప్రభావం ఎన్నో చట్టాల మీద పడుతుంది, కాబట్టి ప్రజలెన్నుకున్న సభలే తేల్చాలి. రాష్ట్రాల అభిప్రాయం అడిగితే ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం వ్యతిరేకించాయి. కొన్ని మత సంస్థలూ కోర్టులో వ్యతిరేకంగా వాదించాయి. ఇవి పట్టణాల్లోని కొద్దిమంది ఉన్నతవర్గాల ఆలోచనలని కేంద్రం అఫిడవిట్‌లో రాసింది. ఆ మాటను జస్టిస్ చంద్రచూడ్ ఒప్పుకోలేదు.

పిటిషనర్ల మాట: సభల్లో మెజారిటీ లేని చిన్న సమూహాలకు హక్కులు కావాల్సినప్పుడు దిక్కు రాజ్యాంగమే. మెజారిటీ మారేదాకా ఆగమంటే, ఆగుతున్న ఏళ్లలో వాళ్ల జీవితాలు గడిచిపోతాయి. కట్టే పన్నులో తేడా లేదు, పడే కష్టంలో తేడా లేదు, ఇంటి మనిషిగా లెక్కలోకి రావడంలో మాత్రమే తేడా ఎందుకు?

మూడో స్వరం ఒకటుంది, మన చర్చల్లో వినపడేది తక్కువ. పెళ్లినే హక్కులన్నిటికీ గేటుగా పెట్టడమే తప్పని క్వీర్ (స్వలింగ, ట్రాన్స్ తదితర వ్యక్తుల) సముదాయంలోనే కొందరు అంటారు. ఇంట్లోంచి గెంటేస్తే స్నేహితులే కుటుంబమై బతికే ట్రాన్స్ వ్యక్తులకు, పెళ్లి చట్టం మారినా ఒరిగేది తక్కువని వాళ్ల బాధ.

చట్టం మార్చే పని సభలదే అన్న వాదనలో బలం ఉంది. భరణం, వారసత్వం గురించి పైన చూసిన ప్రశ్నలకు కోర్టు ఒక వాక్యంలో జవాబివ్వలేదు. అయితే ‘సభలు చేయాలి’ అన్నది, సభల్లో ఎవరూ ఎత్తకపోయినా ఫరవాలేదని చెప్పడానికి సాకు కాకూడదు.

## గుర్తింపు లేకపోతే పోయేవి

హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా ఒకే ఫ్లాట్‌లో ఉంటున్న ఇద్దరు హిందూ మహిళలను ఊహించుకోండి. ఫ్లాట్ ఒకరి పేరు మీదే ఉంది, ఈఎంఐ ఇద్దరూ కట్టారు. ఫ్లాట్ ఎవరి పేరు మీద ఉందో ఆమె వీలునామా రాయకుండా చనిపోయింది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె సొంత ఆస్తి ముందు పిల్లలకు, భర్తకు. వాళ్లు లేకపోతే భర్త వారసులకు. ఆ తర్వాత తల్లిదండ్రులకు. ఆ తర్వాత ఇంకా వరుసలున్నాయి. ఏ వరుసలోనూ పదిహేనేళ్ల సహచరి లేదు. ఎన్నడూ గడప తొక్కని బంధువులు తాళం మార్చొచ్చు.

వీలునామా ఉంటే ఆస్తి దక్కుతుంది. మిగతావి వీలునామాతో రావు. భర్తకో భార్యకో ఇచ్చిన బహుమతికి పన్ను లేదు. చట్టం బంధువుగా గుర్తించని మనిషి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలకు మించి అందితే అది ఆదాయంగా లెక్కకొస్తుంది. ప్రభుత్వోద్యోగి పోతే ఫ్యామిలీ పెన్షన్ సహచరికి రాదు.

2024లో కొంత కదలిక వచ్చింది. సుప్రీంకోర్టులో కేంద్రం ఇచ్చిన మాట ప్రకారం కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఆటంకం లేదని ఆర్థిక శాఖ ఆగస్టులో స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో ఒకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు చెప్పారు. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని సహచరులు తీసుకునేలా చూడాలని ఆరోగ్య శాఖ రాసింది.

వీటి విలువ తీసేయలేం, అతిగా ఊహించుకోనూ కూడదు. నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతిలో డబ్బు పెట్టాలో చెప్పేది మాత్రమే. ఆ డబ్బు చివరికి ఎవరిదన్నది వారసత్వ చట్టం తేలుస్తుంది. సహచరి నామినీగా అయిదు లక్షలు తీసుకుంటే, వీలునామా లేనప్పుడు, వారసులు ఆ అయిదు లక్షలూ తమవని కోర్టుకెళ్లొచ్చు. జీవిత బీమాలో 2015 సవరణ నామినీకే డబ్బు సొంతమయ్యేలా చేసింది. కానీ ఆ నామినీ తల్లిదండ్రులో, భార్యో, భర్తో, పిల్లలో అయితేనే.

## ముందున్న దారులు

పార్లమెంటు తలచుకుంటే మూడు రకాలుగా చేయొచ్చు. 1954 చట్టాన్నే సవరించి భార్య, భర్త అన్నచోట భాగస్వామి అని పెట్టడం ఒకటి. అప్పుడు వారసత్వ, దత్తత, పన్ను చట్టాలనూ వెంటే సరిచేయాలి. పెళ్లి అన్న పేరు లేకుండా, నమోదు చేసుకున్న సహజీవనానికి విడిగా చట్టం తేవడం రెండోది. 1999లో ఫ్రాన్స్, 2004లో బ్రిటన్ ఇలాగే మొదలుపెట్టి తర్వాత పెళ్లిదాకా వచ్చాయి. స్వలింగ జంటల పెళ్లికే చట్టం అమల్లోకి తెచ్చిన మొదటి దేశం నెదర్లాండ్స్, 2001లో. ఆసియాలో 2019లో తైవాన్, 2025 జనవరిలో థాయ్‌లాండ్ ఆ పని చేశాయి.

మూడో దారి పెళ్లిని అలా ఉంచి, ఒక్కో చట్టంలో ఒక్కో హక్కును సహచరులకు తెరవడం: ఆసుపత్రిలో సంతకం, బీమా, పెన్షన్, అంత్యక్రియలు. 2024 సర్క్యులర్లు నడిచింది ఈ బాటలోనే, అయితే సర్క్యులర్‌ను ఇంకో సర్క్యులర్‌తో వెనక్కి తీసుకోవచ్చు. 2025 మేలో మద్రాస్ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. పాతికేళ్ల అమ్మాయిని ఆమె ఇష్టానికి విరుద్ధంగా పుట్టింటివాళ్లు నిర్బంధించారని ఆమె సహచరి ఫిర్యాదు. కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని, ఎంచుకున్న కుటుంబాన్నీ చట్టం ఎరుగునని చెప్పి, ఆ అమ్మాయి తనకు నచ్చినచోటికి వెళ్లొచ్చని, పుట్టింటివాళ్లు అడ్డుపడరాదని, అవసరమైతే పోలీసులు రక్షణ ఇవ్వాలని న్యాయమూర్తులు ఆదేశించారు.